జిల్లా లెక్కలో కరిగిపోయే తెలుగు

భాషాల్పసంఖ్యాకుల హక్కులను గురించి రాసేటప్పుడు మనం సాధారణంగా రాజ్యాంగంతో మొదలుపెడతాం. అధికరణాలను ఏకరువు పెడతాం. ఆ తరువాత ప్రభుత్వాల నిర్లక్ష్యాన్ని నిందిస్తాం. ఈ రెంటి నడుమ ఒక చిన్న ప్రశ్న మన చూపు దాటిపోతున్నది. మనవారు ఎందరో తేల్చేటప్పుడు ఏ గీత లోపల లెక్కపెడుతున్నారు? రాష్ట్రం లోపలనా, జిల్లా లోపలనా, తాలూకా లోపలనా, బడి గోడల లోపలనా? గీత మారితే శాతం మారుతుంది. శాతం మారితే ఒకచోట ఉన్న హక్కు మరొకచోట లేకుండా పోతుంది. సోలాపూర్ మగ్గాల పేటలలోని తెలుగువారి స్థితిని ఈ దృష్టితో ఒకసారి పరిశీలించడం అవసరం. సరిహద్దు జిల్లాలలోని తెలుగు కుటుంబాలన్నింటికీ ఇందులో పనికివచ్చే పాఠం ఉన్నది.

సోలాపూర్ జిల్లా నేటి రూపం ఒక్కనాటిది కాదు. ఆంగ్లేయులు 1838లో దీనిని అహ్మద్‌నగర్ కింద ఉపజిల్లాగా ఏర్పరచినప్పుడు ఇండి, ముద్దేబిహాళ్ వంటి కన్నడ ప్రాంతాలు కూడా అందులో ఉండేవి. 1864లో ఆ ఉపజిల్లాను రద్దుచేశారు. 1871లో సోలాపూర్, బార్షీ, మోహోళ్, మాఢా, కర్మాళాలకు సతారా నుండి పంఢరపురం, సాంగోలాలను చేర్చి మళ్ళీ జిల్లాను కట్టారు. 1875లో మాళశిరస్ వచ్చి కలిసింది. అక్కల్‌కోట్ సంస్థానం స్వాతంత్ర్యానంతరం విలీనమైంది. 1960లో మహారాష్ట్ర ఏర్పడినప్పుడు సోలాపూర్ ఆ రాష్ట్రంలో జిల్లాగా నిలిచింది. నేడు జిల్లాలో 11 తాలూకాలున్నాయి. 2011 జనగణన ప్రకారం జిల్లా జనసంఖ్య 43,17,756. అందులో నగర జనసంఖ్య 9,51,558. తక్కినవారిలో అత్యధికులు పల్లెలలో ఉండేవారే. జొన్న, చెరకు పండించే రైతులు వారు. వారి నుడి ప్రధానంగా మరాఠీ. దక్షిణ సోలాపూర్, అక్కల్‌కోట్ వైపు కన్నడం బలంగా వినబడుతుంది.

తెలుగు ఈ జిల్లాకు పొలం మీదుగా రాలేదు, మగ్గం మీదుగా వచ్చింది. 1860లో సోలాపూర్‌కు రైలు వచ్చింది. 1877లో మొదటి నూలు మిల్లు వెలసింది. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుండి, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుండి పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఇక్కడికి వలస వచ్చాయి. కొందరు మిల్లు కూలీలయ్యారు. ఎక్కువమంది ఇంటిలోనే మగ్గం వేసుకున్నారు. చేమగ్గం మరమగ్గమైంది. సోలాపూర్ దుప్పటి దేశమంతటా పేరు పొందింది, భౌగోళిక గుర్తింపు కూడా సంపాదించింది. ఆడవారు ఇంటిపట్టున బీడీలు చుట్టి సంసారాలను నిలబెట్టారు. నగరపు తూర్పు భాగంలో, అంటే స్థానికులు ‘పూర్వ భాగ్’ అని పిలిచే పేటలలో, ఈ కుటుంబాలు ఒకదానికొకటి ఆనుకొని నివసించాయి. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుని రథం ఆ వీధులలోనే కదులుతుంది. పడుగు, పేక, ఆసు, కండె, నాడె అన్న మాటలు ఆ ఇళ్ళలోనే తల్లి నుండి బిడ్డకు అందాయి.

ఇంత దట్టమైన జనం జిల్లా లెక్కలో ఎలా కనబడుతున్నారు? తూర్పు పేటలలో నడిచేవానికి అడుగడుగునా వినిపించే తెలుగు, 43 లక్షల జిల్లా జనంతో భాగిస్తే నూటికి పదిమంది నుడి కూడా కాదు. రాష్ట్ర లెక్కకు పోతే మరీ పలుచన. 2011లో మహారాష్ట్ర జనసంఖ్య 11.24 కోట్లు. అందులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 13 లక్షలు, అంటే దాదాపు నూటికి ఒకరు. కలెక్టరు కచేరీలోని అధికారి జిల్లా పట్టికను ముందు పెట్టుకొని ‘మీ సంఖ్య ఎంత?’ అని అడిగితే మనవారు తలదించుకొని రావలసి వస్తున్నది. కాని ఆ పట్టిక ఒక్కటే కొలమానమని ఏ నిబంధనా చెప్పలేదు.

భాషాల్పసంఖ్యాకుల రక్షణలకు ఈ దేశంలో నాలుగు వేర్వేరు కొలతలు ఉన్నాయి. వీటిని విడివిడిగా గుర్తుంచుకోవాలి.

మొదటిది రాష్ట్రం. 30వ అధికరణం భాషాల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించుకొని నడుపుకొనే హక్కు నిచ్చింది. ఎవరు అల్పసంఖ్యాకులో రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకొని తేల్చాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ప్రతిష్ఠానం కేసులో సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఇక్కడ మన సంఖ్య చిన్నది కావడం మనకు అడ్డంకి కాదు. నూటికి ఒక్కరైనా ఆ హక్కు సంపూర్ణంగా ఉంటుంది.

రెండవది జిల్లా. ఒక జిల్లాలో 60 శాతం మంది రాష్ట్రభాష కాని మరొక భాష మాట్లాడితే దానిని ఆ జిల్లాలో అదనపు అధికారభాషగా గుర్తించవచ్చునని 1961లో ముఖ్యమంత్రుల సమావేశం అంగీకరించింది. సోలాపూర్ తెలుగువారికి ఈ కొలత ఏనాటికీ అందదు. అందవలసిన పని కూడా లేదు.

మూడవది తాలూకా, పురపాలకం. భాషాల్పసంఖ్యాకులు 15 శాతం గాని అంతకు మించి గాని ఉన్నచోట ముఖ్యమైన ప్రకటనలను, నియమాలను వారి భాషలో కూడా ప్రచురించాలన్నది ఒప్పుదల. ఈ 15 శాతాన్ని జిల్లాకే కాక తాలూకా, పురపాలకం వంటి చిన్న ప్రాంతాలకూ వర్తింపజేయాలి. సోలాపూర్ తెలుగువారి చూపు నిలవవలసిన చోటు ఇదే.

నాలుగవది బడి. ఒక తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని అల్పసంఖ్యాక భాషా విద్యార్థులుంటే ప్రాథమిక స్థాయిలో ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలన్న సూత్రం 1949 నుండి ఉన్నది. దీనికి శాతంతో పనిలేదు. జిల్లా జనసంఖ్య 43 లక్షలైనా 83 లక్షలైనా ఆ 40 మంది పిల్లలు 40 మందే. 1956లో ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించే బాధ్యతను రాష్ట్రాలపైన, స్థానిక సంస్థలపైన ఉంచింది. ఆ బాధ్యత నెరవేరుతున్నదీ లేనిదీ చూడడానికి 350-బి కింద భాషాల్పసంఖ్యాకుల కమిషనరు ఉన్నారు.

ఈ శాతాలు, ఈ 10-40 సూత్రం ప్రభుత్వాల మధ్య కుదిరిన అంగీకారాలే తప్ప శాసనాలు కావు. అడిగేవారు లేకపోతే అవి దస్త్రాలలోనే ఉండిపోతాయి. అడగాలంటే చేతిలో సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య తగిన గీత లోపల లెక్కించినదై ఉండాలి.

సంఖ్య ఉన్నంత మాత్రాన నుడికి చోటు దానంతట అదే దక్కదు. ఇందుకు సోలాపూర్ చరిత్రలోనే నిదర్శనం ఉంది. ఈ నియోజకవర్గం నుండి 1980లోనూ 1984లోనూ గంగాధర్ కుచన్, 1989లోనూ 1991లోనూ ధర్మణ్ణ సాదుల్, 1996లో లింగరాజ్ వల్యాల్ లోక్‌సభకు ఎన్నికయ్యారు. శాసనసభలో నరసయ్య ఆడం నేత, బీడీ కార్మికుల గొంతుక అయ్యారు. పద్మశాలి పేటల ఓటు ఢిల్లీ దాకా, ముంబై దాకా చేరింది. అదే పేటలో పుట్టిన బిడ్డకు తెలుగు చెప్పే పంతులు మాత్రం తరం తరానికీ దూరమవుతూ వచ్చాడు. ఓటును లెక్కించేవారికి నుడితో నిమిత్తం లేదు. నుడిని లెక్కించమని అడగవలసినది నుడి గలవారే.

తూర్పు పేటల జనం ఇప్పుడు ఆ పేటలలోనే లేరన్న సంగతిని కూడా గమనించాలి. బీడీ కార్మిక మహిళల కోసం నగరం వెలుపల కుంభారి గ్రామ పరిధిలో నిర్మించిన గోదూతాయి పరులేకర్ వసతిలోని 10,000 ఇళ్ళను 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అప్పగించారు. ఆ పక్కనే 30,000 ఇళ్ళ లక్ష్యంతో రే నగర్ వెలసింది. అందులో 15,000 ఇళ్ళను 2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ అంకితం చేశారు. మగ్గం పనివారు, బీడీ కార్మికులు, రిక్షావారు, చిత్తుకాగితాలు ఏరుకొనేవారు, అన్ని కులాలవారు, అన్ని నుడులవారు ఆ ఇళ్ళలో ఉన్నారు. వారిలో తెలుగువారి వంతు చిన్నది కాదు. అద్దె గదిలో, మగ్గం చప్పుడులో నలుగురు పిల్లలను పెంచిన తల్లికి సొంత ఇల్లు దొరకడం కంటే మేలు ఏముంటుంది? ఆ మేలును తక్కువ చేయడం ఎవరికీ తగదు.

అయితే ఇంటితో పాటు ఆ తల్లి ఏలుబడి కూడా మారింది. ఆమె నిన్నటిదాకా సోలాపూర్ నగరపాలిక కింద, ఉత్తర సోలాపూర్ తాలూకాలో ఉండేది. ఇప్పుడు దక్షిణ సోలాపూర్ తాలూకాలోని గ్రామ పరిధికి చేరింది. నగరపాలిక మరాఠీ, ఉర్దూ, కన్నడ బడులతో పాటు తెలుగు బడులను కూడా నడిపిన సంస్థ. గ్రామంలో ప్రాథమిక విద్య జిల్లా పరిషత్తు చేతిలోనిది. ఆ తాలూకాలో పరిషత్తు ఎరిగిన నుడులు ప్రధానంగా మరాఠీ, కన్నడాలు. ఊరి చివర ఇల్లు మార్చిన కుటుంబం తన బిడ్డ నుడిని లెక్కలోకి తీసుకొనే కార్యాలయాన్నే మార్చుకున్నట్లయింది. ఇళ్ళను కేటాయించేటప్పుడు నీటిని గురించి, దారిని గురించి, బస్సులను గురించి ఆలోచించడం సహజం. బడి ఏ నుడిలో ఉండాలన్న ప్రశ్నను కూడా వాటి సరసన చేర్చవలసి ఉంది.

ఈ మార్పులో నష్టం ఉన్నట్లే అవకాశమూ ఉన్నది. 10,000 ఇళ్ళు, ఆపైన 30,000 ఇళ్ళు పూర్తిగా నిండితే ఇంటికి నలుగురు చొప్పున ఒక లక్షా అరవై వేల మంది అవుతారు. పల్లెలతో నిండిన ఒక తాలూకా స్వరూపాన్ని మార్చగల సంఖ్య ఇది. నగరపు జనసముద్రంలో కలిసిపోయిన తెలుగు, దక్షిణ సోలాపూర్ తాలూకాలో 15 శాతపు గీతను తాకగల స్థితికి వచ్చి ఉండవచ్చు. తాకిందో లేదో ఊహతో తేలదు, లెక్కతోనే తేలుతుంది. రే నగర్ ఇళ్ళను మొదటిసారి చూడబోయే జనగణన 2027దే.

ఆ జనగణనకు ప్రమాణ దినం 2027 మార్చి 1. ఇళ్ళ జాబితా పని 2026లోనూ, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలోనూ జరగాలన్నది ప్రకటించిన ప్రణాళిక. ఈసారి కులాన్ని కూడా నమోదు చేస్తారు. పద్మశాలి సంఘాలు కులం పేరు తప్పుపోకుండా రాయించాలని ఊరూరా చెప్పుకోవడం ఖాయం. ఆ శ్రద్ధలో సగమైనా మాతృభాష గడిపై పెట్టాలన్నదే ఈ వ్యాసం విన్నపం. కులం గడిలో ‘పద్మశాలి’ అని రాసినంత మాత్రాన భాష గడిలో ‘తెలుగు’ దానంతట అది చేరదు.

మాతృభాష అంటే జనగణన ఇచ్చిన నిర్వచనం స్పష్టమైనది. మనిషి పసితనంలో తల్లి అతనితో మాట్లాడిన భాష అతని మాతృభాష. తల్లి పసితనంలోనే గతిస్తే, ఆ ఇంట అతని బాల్యంలో ప్రధానంగా మాట్లాడిన భాష. మాటలు రాని పసిబిడ్డకు తల్లి సాధారణంగా మాట్లాడే భాషనే రాయాలి. ఈ నిర్వచనంలో బడి ప్రసక్తి లేదు, లిపి ప్రసక్తి లేదు, ఉండే రాష్ట్రం ప్రసక్తి లేదు. తెలుగు అక్షరం రాని మనిషి మాతృభాష తెలుగు కావచ్చు. మరాఠీ బడిలో పదవ తరగతి దాకా చదివిన అమ్మాయి మాతృభాష తెలుగు కావచ్చు. ఇంటిలోని ఒక్కొక్కరికీ విడివిడిగా రాస్తారు కనుక యజమాని చెప్పిన భాషనే అందరికీ వేయనక్కరలేదు. మరాఠీ ఇంటి నుండి వచ్చిన కోడలి మాతృభాషను మరాఠీ అనే రాయించడం ధర్మం. అదేవిధంగా అత్తగారి తెలుగును తెలుగనే రాయించాలి.

గణకుడు గుమ్మంలో నిలబడి మరాఠీలో అడుగుతాడు. ఇంటివారు మరాఠీలో బదులు చెబుతారు. పని తొందరలో ఉన్న గణకుడు భాష గడిలో మరాఠీ అని వేసుకొని పోవడానికి క్షణం చాలు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అడగకుండా రాసే వీలు ఉన్నది కనుకనే ఆ గడిని మనం చెప్పి రాయించాలి. మాతృభాష కాక తెలిసిన మరి రెండు భాషలను రాయడానికి గత జనగణనలలో వేరుగా చోటున్నది. మరాఠీనీ హిందీనీ అక్కడ గర్వంగా చెప్పుకోవచ్చు. కొందరు భాష అడిగితే కులం పేరో ఊరి పేరో చెబుతారు. అలా కాక ‘తెలుగు’ అన్న ఒక్క మాట చెప్పడం మేలు. రాళ్ళు కొట్టే వడ్డెర కుటుంబాల ‘వడరి’ నుడిని 2011 పట్టికలు తెలుగు కిందనే చేర్చాయి. ఆ కుటుంబాలవారు కూడా ఈ లెక్కలో మన సోదరులే.

ఇంత చేసి ఒరిగేదేమిటని అడిగేవారు ఉన్నారు. పిల్లలకు ఇంగ్లీషు కావాలి, కొలువుకు మరాఠీ కావాలి, తెలుగు ఎవరికి కావాలని వారి ప్రశ్న. మరాఠీ కావాలన్నది నిజం. 2020 చట్టంతో మహారాష్ట్ర బడులన్నింటా మరాఠీ తప్పనిసరి అయింది. దానిని కాదనవలసిన అగత్యం మనకు లేదు. అన్నం పెట్టిన నేల నుడిని నేర్వడం మర్యాద కూడాను. మన కోరిక దానికి అదనంగా తెలుగు. ఈ కోరికను అర్థం చేసుకోగలవారిలో మరాఠీ సోదరులే ముందుంటారు. 2025లో ఒకటవ తరగతి నుండి హిందీని మూడవ భాషగా ప్రవేశపెట్టాలన్న ప్రభుత్వ ఉత్తర్వు వచ్చినప్పుడు, పసిపిల్లల మీద పరభాష భారం తగదని వారు గట్టిగా వాదించారు. జూన్ 29న ప్రభుత్వం ఆ ఉత్తర్వులను ఉపసంహరించుకుంది. మొదటి తరగతి బిడ్డకు తల్లి మాట ఎంత ముఖ్యమో చెప్పిన ఆ వాదం మరాఠీ బిడ్డకు చెల్లితే తెలుగు బిడ్డకూ చెల్లుతుంది.

ప్రభుత్వం వద్ద సాధనాలు లేవనడానికీ వీలులేదు. పుణెలో 1967లో ఏర్పడిన పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి మరాఠీ, ఉర్దూ, కన్నడ, గుజరాతీలతో పాటు తెలుగులో కూడా పుస్తకాలను ప్రచురిస్తూ వచ్చింది. పుస్తకం ఉంది, సూత్రం ఉంది. పేరు నమోదు చేయించుకొన్న 40 మంది పిల్లలు కావాలి. ఒక బడిలో 40 మంది లేకపోతే దగ్గరి బడుల పిల్లలను ఒకచోట చేర్చే వెసులుబాటును, ముందస్తు నమోదు పుస్తకం పెట్టే ఏర్పాటును కూడా ఆనాటి ఒప్పుదలలు సూచించాయి. కుంభారిలో ఆ నమోదు పుస్తకాన్ని తెరవమని అడిగే తండ్రి ఎవరు, తల్లి ఎవరు అన్నదే ప్రశ్న.

ఇతర సరిహద్దు సీమలలోని తెలుగు కుటుంబాలు ఇది సోలాపూర్ గొడవ అనుకొని పుట తిప్పవద్దు. ధర్మపురి నుండి 2004లో కృష్ణగిరి జిల్లాను వేరుచేసినప్పుడు హోసూరు తెలుగువారి శాతాన్ని కొలిచే గీత కదిలింది. సోలాపూర్ సరిహద్దు వివాదంలో మహాజన్ కమిషన్ 1967లో దక్షిణ సోలాపూర్, అక్కల్‌కోట్‌ల వంటి ప్రాంతాలను గురించి సిఫారసులు చేసింది. వాదులాడినవారు మరాఠీ, కన్నడ పక్షాలు. మూడవ నుడిగా ఉన్న తెలుగువారి మాట ఎవరి వాదంలోనూ లేదు. జిల్లాలు చీలినప్పుడు, తాలూకాలు మారినప్పుడు, పురపాలక హద్దులు విస్తరించినప్పుడు అల్పసంఖ్యాకుల నుడి ఎక్కడో ఒకచోట చిక్కబడుతుంది, మరెక్కడో పలుచబడుతుంది. ఆ మార్పు జరిగిననాడే పట్టిక చూసి ప్రశ్నించేవారు ప్రతి ఊరిలోనూ ఉండాలి.

దేశవ్యాప్తంగా చూసినా జనగణన గడి విలువ తెలుస్తుంది. 2001లో తెలుగువారు 7.40 కోట్లు, మరాఠీవారు 7.19 కోట్లు. 2011లో మరాఠీవారు 8.30 కోట్లకు పెరగగా తెలుగువారు 8.11 కోట్ల వద్ద నిలిచారు. మూడవ స్థానం నుండి తెలుగు నాలుగుకు దిగింది. దీనికి జననాల తగ్గుదల వంటి కారణాలున్నాయి. సోలాపూర్, భివండి, సూరత్, ముంబైల తెలుగు ఇళ్ళలో ఎందరు తమ నుడిని వేరొక పేరుతో రాయించారో కూడా ఆలోచించుకోవలసిన విషయమే.

కనుక చేయవలసిన పనులు ఇవి. జనగణన అధికారులు మాతృభాష సంఖ్యలను జిల్లా, తాలూకా, పట్టణాల దగ్గర ఆపక వార్డువారీగా, గ్రామవారీగా ప్రకటించాలని మన సంఘాలు ఇప్పుడే విన్నవించాలి. జనసంఖ్య, అక్షరాస్యత వార్డుల దాకా అందుతున్నప్పుడు నుడి అందకపోవడానికి కారణం లేదు. కుంభారి వసతులలో తెలుగు బడిని గురించి జిల్లా పరిషత్తుకూ, తూర్పు పేటలలో మిగిలిన తెలుగు బడుల రక్షణను గురించి నగరపాలికకూ వేర్వేరుగా అర్జీలు పెట్టాలి. ప్రతులను భాషాల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపాలి. 350వ అధికరణం ప్రకారం ఆ అర్జీని తెలుగులోనే రాయవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఎల్లల బయటి తెలుగు బడులకు ఉపాధ్యాయ శిక్షణలోనైనా, పుస్తకాల అందజేతలోనైనా తోడ్పడాలి. వలస వచ్చిన పల్లెలు తెలంగాణవి కనుక ఆ రాష్ట్రానికి ఈ బాధ్యత మరికొంత ఎక్కువ.

వీటన్నింటికంటె ముందు జరగవలసిన పని ఇంటి గుమ్మంలో ఉంది. గణకుడు వచ్చిననాడు ఇంట ఎవరున్నారో చెప్పలేం. మగవారు మగ్గం మీద ఉండవచ్చు. బీడీల చాటను ఒడిలో పెట్టుకొని కూర్చున్న అవ్వ ఒక్కతే ఉండవచ్చు. ఆమెకు ముందుగానే చెప్పి ఉంచాలి: ‘అవ్వా, నీ నుడి ఏదని అడిగితే తెలుగు అని చెప్పు. రాసింది నీకు చదివి వినిపించమని అడుగు’ అని. ఆ ఒక్క మాటకు ఖర్చు లేదు, ఎవరితో తగవూ లేదు. అది పట్టికలోకి ఎక్కిననాడు మన అర్జీలకు ఆధారం ఉంటుంది.